ఐదో సున్నా

పరీక్ష కట్ట మంగళవారం పొద్దున వచ్చింది,
సీలు వేసిన కవర్లో, నలభై ఒక్క కాగితాలు.
మా జాలరిపేట బడిలో ఐదో తరగతి ముప్ఫై ఆరుగురే.
మిగిలిన ఐదూ ఎవరి కోసమో ఎవరూ చెప్పలేదు.

సరైన సున్నాని నల్లగా నింపండి, అన్నాను.
గీత దాటకూడదు. కాగితం నలగకూడదు. చెమట అంటకూడదు.
చదివేది మిషను, మనిషి కాదు.
చెమట అంటకూడదని,
విశాఖపట్నంలో, మార్చి నెలలో,
ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఫ్యాను
తిరగడం మానేసి రెండేళ్లయిన గదిలో నిలబడి అన్నాను.

పిల్లలు చేతుల కింద పాత నోటుపుస్తకాలు పెట్టుకున్నారు.
కిటికీ అవతల వల కుడుతున్న ముసలాళ్లు
పరీక్షని చెప్తే రేడియో కట్టేశారు.
అంత నిశ్శబ్దంలో
కెరటం ఒక్కటే కాపీ కొట్టింది
ముందు కెరటాన్ని చూసి.

పద్నాలుగో ప్రశ్న.
ఒక వ్యాపారి ఆరువందల రూపాయలకు చేపలు కొని
ఎనిమిది వందల యాభైకి అమ్మెను. లాభమెంత?
నాలుగు జవాబులు, నాలుగు సున్నాలు.

ఎల్లాజీ చెయ్యెత్తాడు.
"టీచర్, ఐసు ఎవులు కొన్నారు?"
ప్రశ్నలో లేదు నాన్నా.
"ఆటో?"
లేదు.
"మరి నడిసి ఎల్నాడా, హార్బరు కాడ్నుంచి పూర్ణా మార్కెట్టు దాకా?
కానాగంతలు కుళ్లిపోవా?"
వెనక వరసలో నవ్వారు.
నేను గడియారం చూశాను.

సాయంత్రం కట్ట కడుతుంటే కనబడింది.
నాలుగు సున్నాలూ తెల్లగా వదిలేసి
పక్క ఖాళీలో ఇంకోటి గీసుకున్నాడు,
అచ్చులో పోసినంత గుండ్రంగా.
నింపాడు కూడా, గీత దాటకుండా.
పక్కన చీమ తలంత అంకెల్లో, నూట పది.
లెక్క చూసుకున్నాను.
ఐసు అరవై, ఆటో ఎనభై.
నూట పదే.

చినవాల్తేరు కేంద్రంలో మిషను
ముప్ఫై అయిదు కాగితాలు మింగి
ఒకదాన్ని ఉమ్మేసింది.
"మేడమ్, ఈ ఒక్కడి వల్ల కట్టంతా ఆగిపోయింది,
రబ్బరుందా?" అన్నాడు ఆపరేటరు కుర్రాడు.
అంతలో హెడ్మాస్టరు ఫోను.
పోయినసారి నలభై మూడు శాతం,
గ్రాఫులో మాదే పొట్టి కడ్డీ.
ఈసారైనా ఎంతొస్తుందమ్మా?

రబ్బరు ఉంది. పంతొమ్మిదేళ్ల సర్వీసులో
అది లేకుండా నా సంచీ ఎప్పుడూ లేదు.

చెరిపాను.
వాడు ఎంత ఒత్తిపట్టి నింపాడో
చెరిపినప్పుడు తెలిసింది.
నలుపు పోయింది గానీ పల్లం పోలేదు.
వేలికి తగులుతూనే ఉంది.
మిషను ఈసారి ఏమీ అనలేదు.

ఆ రాత్రి
మిగిలిన ఐదింట్లో ఒక కాగితం తీసి నేను రాశాను.
ముప్ఫై ప్రశ్నలు, ఇరవై నిమిషాలు.
పద్నాలుగో దానికి
రెండు వందల యాభై నింపాను.
చెయ్యి దానంతటదే పోయింది.

మూడు వారాలకి ప్రగతి పత్రాలు వచ్చాయి.
పదిహేడో నంబరుకి ఎదురుగా,
లాభనష్టాలు: రాలేదు.

కాసులమ్మ గంప గేటు బయటే దించి వచ్చింది.
కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది, రెండుసార్లు.
కొంగుతో తుడుచుకుని, వాసన చూసుకుని,
అప్పుడు ముట్టుకుంది కాగితాన్ని.
"ఏటున్నాదమ్మా ఇందల?"
చదివాను.

"రానేదా?" అంది.
"ఆ దినం ఒచ్చినాడు గదమ్మా.
నానే గేటు కాడ దింపినాను.
పెన్సిలు కూడా కొత్తది కొనిచ్చినాను."

ఒచ్చాడమ్మా, అన్నాను.
ఇంకేదో అనబోయి
మళ్లీ అదే అన్నాను, ఒచ్చాడు.

సంతకం పెట్టాల్సిన చోట
చిన్న గడి ఉంది.
స్టాంపు ప్యాడు జరిపాను.
వేలు వేసింది,
నల్లగా, నిండుగా,
గీత దాటి.